పనసకాయ విచ్చుకున్న గంటలు

కాలువ శుభ్రం చేసినందుకు ఒక మనిషికి ఛార్జి మెమో రాయవలసి వస్తుందని నేను ఉద్యోగంలో చేరిన రోజున ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే హాయిగా మా మావయ్య ఎరువుల కొట్లో కూర్చునేవాణ్ణి. నా పేరు లక్ష్మున్నాయుడు. వీరభద్రపురం మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్ని. ఇరవైరెండేళ్ళుగా ఈ ఊరి చెత్త ఎటు పోవాలో, మురుగు ఎటు పారాలో చూసే పని నాది.

నిరుడు మా ఊరిని స్మార్ట్ పట్టణాల జాబితాలో చేర్చారు. ఎందుకు చేర్చారో మాకు తెలియదు. చేర్చినవాళ్ళకీ తెలిసినట్టు లేదు. ముందుగా కాలువల్లో సెన్సార్లు పెట్టించారు. సెన్సారంటే అరచేతిలో ఇమిడే డబ్బా. కాలువ గోడకి బిగిస్తే నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో కొలిచి, నిమిషానికోసారి ఆఫీసులో ఉన్న పెద్ద తెరకి కబురు పంపుతుంది. డబ్బా తడవకుండా దానికి విదేశీ రబ్బరు తొడుగు కూడా వేశారు. కాలువలో దిగే మనుషులకి గమ్‌బూట్లు ఇప్పించమని నేను పెట్టిన ఇండెంటు అప్పటికి నాలుగేళ్ళుగా పెండింగులో ఉంది.

తెర మీద అంకెలు కనబడ్డాయి. డెబ్భైరెండు, డెబ్భైమూడు, మళ్ళీ డెబ్భైరెండు. ఎవడు చూస్తాడండీ వాటిని? అటెండరు కూడా చూడలేదు. అప్పుడు ప్రాజెక్టు కన్సల్టెంటు ఒక సమావేశంలో లేచి, "పౌరుడు డేటాని చదవడు సార్. అనుభూతి చెందుతాడు" అన్నాడు. మా కమిషనర్ జగన్నివాస్ గారు ఆ మాటని డైరీలో రాసుకున్నారు. ఆయన ఏదైనా డైరీలో రాసుకున్నారంటే మా అందరి గుండెల్లో రాయి పడుతుంది. నెల తిరక్కుండా నేతగాళ్ళ వీధి మొగలో ఒక ఆధునిక శిల్పం నిలబెట్టాలనీ, దాన్ని పక్కనున్న పెద్ద కాలువ సెన్సారుకి తగిలించాలనీ తీర్మానం అయిపోయింది.

శిల్పం చేసింది శాంభవి అని, విశాఖ అమ్మాయి. మాట తక్కువ, పని ఎక్కువ. ముక్కుకి గుడ్డ కట్టుకుని కాలువ పొడుగునా నడిచి, అన్ని మలుపులూ తనే కొలుచుకుంది. పన్నెండడుగుల స్టీలు మొద్దు, దాని చుట్టూ నూట ఎనిమిది మొనదేలిన రేకులు. కాలువలో నీళ్ళు అరవై సెంటీమీటర్లు దాటితే రేకులు ఒక్కొక్కటే లేస్తాయి. ఎనభై దాటితే అన్నీ విచ్చుకుని, లోపల నీలం దీపం వెలిగి, సన్నగా శంఖం ఊదినట్టు రొద మొదలవుతుంది. ఆమె దానికి 'అంతర్వాహిని' అని పేరు పెట్టింది. ఊళ్ళోవాళ్ళు చూసిన రోజే పనసకాయ అన్నారు. ఆమె ఏమీ అనుకోలేదు. "మీ పేరే బాగుంది, ముళ్ళున్నాయి కదా" అంది.

ఫైలు కోసం ఆమె రెండు పేజీల వివరణ కూడా రాసిచ్చింది. మా ఆఫీసులో మొదటి పేజీ చదివి సంతకం పెట్టడం ఆనవాయితీ. రెండో పేజీ చదివేవాణ్ణి పనిలేనివాడు అనుకుంటారు. మొదటి పేజీలో కళ అంటే ఏమిటో ఉంది. రేకులు ఎందుకు లేస్తాయో రెండో పేజీలో ఉంది. కమిషనరు గారు సంతకం పెట్టారు, ఇంజనీరు పెట్టాడు, నేనూ పెట్టాను.

రెండు నెలలు ట్రయలు నడిచింది. కన్సల్టెంటు పొద్దున్నే వచ్చి వీడియో తీసేవాడు. చీకటి విడవకముందే నీలం వెలుగులో రేకులన్నీ నిక్కబొడుచుకుని ఉండేవి. కమిషనరు గారు ఆ వీడియోని వచ్చినవాళ్ళందరికీ చూపించి, మే నెలలో మంత్రిగారి చేత ప్రారంభోత్సవం ఖాయం చేశారు.

ఇక్కడే నా పాత్ర మొదలవుతుంది. మంత్రులెవరైనా వస్తున్నారంటే మున్సిపాలిటీలో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. కాలువలు తియ్యాలి, గట్టున బ్లీచింగు చల్లాలి, పందుల్ని వార్డు దాటించాలి. అయినా పద్ధతి ప్రకారం కమిషనరు గారి పేషీ నుంచి ఫోనొచ్చింది. "నాయుడు గారూ, మంత్రిగారు నిలబడేది సరిగ్గా కాలువ పక్కన. కంపు కొట్టిందంటే మన పని అయిపోతుంది" అన్నాడు పేషీ గుమాస్తా. నేను సూరప్పణ్ణి పిలిచాను.

సూరప్పడు మా మున్సిపాలిటీలో కాలువ పనివాడు. ఇరవయ్యారేళ్ళ సర్వీసు. ఒక్క మెమో లేదు. ఈ అక్టోబరు ఆఖరుకి రిటైరవుతాడు. ఊరి కింద ఏ కాలువ ఎక్కడ మలుపు తిరుగుతుందో ఆఫీసు మ్యాపుకి తెలియకపోయినా అతనికి తెలుసు.

"గురువారం మంత్రిగారొస్తున్నారు సూరప్పడూ. పెద్ద కాలువ మొత్తం తీసెయ్యాలి."

"పైపైన తియ్యమంటారా బాబూ, అడుగుదాకానా?"

"అడుగు కనబడాలి."

"అలగే బాబూ."

ఇద్దర్ని వెంటబెట్టుకుని మూడు రోజులు తీశాడు. సగం మంచం బయటపడింది. కుక్కరు మూతలు, నాలుగు పార్టీల జెండాలు, 'కాలువలో చెత్త వేయరాదు' అన్న మా మున్సిపాలిటీ బోర్డు బయటపడ్డాయి. బుధవారం సాయంత్రానికి తొమ్మిదేళ్ళ తర్వాత కాలువ అడుగున సిమెంటు కనబడింది. నీళ్ళు కిలకిలమంటూ పారుతున్నాయి. నాకు భలే సంతోషం వేసింది. కప్పు టీ కూడా తాగించాను సూరప్పడి చేత.

గురువారం మంత్రిగారు మీట నొక్కారు. నాదస్వరం వాళ్ళు అందుకున్నారు. పూలు చల్లేవాళ్ళు చల్లారు. పనసకాయ మాత్రం కదల్లేదు. మంత్రిగారు మళ్ళీ నొక్కారు. ఒక్క రేకు లేవలేదు.

"లెవెలెంత?" అన్నారు కమిషనరు గారు పళ్ళ మధ్య నుంచి.

కన్సల్టెంటు ఫోను చూసుకుని తెల్లబోయాడు. "నాలుగు సెంటీమీటర్లు సార్."

"నాలుగేమిటయ్యా? మొన్నటిదాకా తొంభై ఉండేది కదా!"

"ఎవరో కాలువ తీసేశారు సార్" అన్నాడు కన్సల్టెంటు. ఎవరో గల్లాపెట్టె ఎత్తుకుపోయారని చెప్పే గొంతుతో అన్నాడు.

మంత్రిగారు పనసకాయ చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది ఇలాగే ఉంటుందా?" అని అడిగారు. "ప్రస్తుతం మౌన దశలో ఉందండి" అన్నారు కమిషనరు గారు. "మౌనం మంచిదే" అని మంత్రిగారు కారెక్కి వెళ్ళిపోయారు.

మర్నాడు సమీక్షా సమావేశం. కమిషనరు గారు కూర్చోలేదు, నిలబడే మాట్లాడారు. "గౌరవ మంత్రివర్యుల సమక్షంలో మన డేటా అడుగంటిపోయింది. రెండు నెలలుగా రోజూ పొద్దున్నే తొంభై సెంటీమీటర్ల ప్రతిభ కనబరచిన కాలువ, సరిగ్గా ప్రారంభోత్సవం నాడు నాలుగుకి దిగజారింది. ఇది ప్రమాదం కాదు. ఇది అత్యుత్సాహం. నేను అడిగేది ఒక్కటే. ఎవరి ఆదేశం మీద తీశారు?"

పేషీ గుమాస్తా ఫ్యాను వైపు చూశాడు. నేను గుమాస్తా వైపు చూశాను. కమిషనరు గారు నా వైపు చూశారు.

"రాతపూర్వకంగా ఏ ఆదేశమూ లేదండి" అన్నాను.

అది నిజం. నా జీవితంలో చెప్పిన నిజాలన్నిట్లోకీ సిగ్గుమాలిన నిజం అదే. చెప్పేసి గ్లాసుడు మంచినీళ్ళు తాగాను. సూరప్పణ్ణి ఆ మధ్యాహ్నమే సస్పెండు చేశారు. ఛార్జి మెమో రాసే పని, విషయం బాగా తెలిసినవాణ్ణని, నాకే అప్పగించారు. విచారణాధికారిగా కూడా నన్నే వేశారు. మెమో ఇలా ఉంది: 'తమరు విధి నిర్వహణలో భాగంగా, ఎట్టి లిఖితపూర్వక ఆదేశములు లేకుండానే, పెద్ద కాలువను అడుగు వరకు పరిశుభ్రపరచి, తద్వారా కళాఖండమును నిర్వీర్యము గావించినారు. ఇందులకు తమపై క్రమశిక్షణా చర్య ఎందుకు తీసుకొనరాదో వారము దినములలో తెలుపవలెను.'

విచారణకి సూరప్పడు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. టైపిస్టు నా పక్కన సిద్ధంగా కూర్చున్నాడు.

"నీ మీద అభియోగం ఏమిటో అర్థమైందా?"

"కాలువ తీసినానని గదా బాబూ. తీసినాను."

"ఎవరు చెబితే తీశావు?"

అతను నా మొహంలోకి చూశాడు. ఎదురుగా కూర్చుని అడుగుతున్నవాణ్ణి నేను, చెప్పినవాణ్ణీ నేనే.

"ఎవులూ సెప్పనేదు బాబూ. నిండిపోనాది, తీసినాను."

టైపిస్టు టకటకా కొట్టేశాడు. సంతకాలూ వేలిముద్రా అయ్యాక నేను వరండాలోకి పరిగెత్తి అతని చెయ్యి పట్టుకున్నాను. "ఎందుకలా చెప్పావయ్యా?"

"మీకు ఇంకా పదేళ్ళ సర్వీసున్నాది బాబూ. సిన్న పిల్లలు. నాకేటి, అక్టోబరు ఎల్తే అయిపోద్ది. మచ్చ నేకుండా ఎల్లిపోదునని ఉండేది, అంతే."

ఆ 'అంతే' అన్న మాట విన్నాక, విచారణ నివేదిక రాయకుండా ఫైలుని సొరుగులో పెట్టేశాను. నేను అప్పటికి చెయ్యగలిగిన ధైర్యం అంతే.

ఈలోగా కొత్త సర్క్యులరు వచ్చింది. ఇకమీదట వార్డు పనితీరుని 'విచ్చుకున్న గంటలు' అనే సూచికతో కొలుస్తారట. పనసకాయ రోజుకి ఎన్ని గంటలు విచ్చుకుని ఉంటే ఆ వార్డు అంత స్మార్టు. లక్ష్యం రోజుకి ఇరవై గంటలు. దాన్ని సాధించడానికి కల్వర్టు కింద ఇసుక బస్తాలు అడ్డం పెట్టారు. దీన్ని 'జలమట్ట స్థిరీకరణ' అన్నారు. బస్తాలు చాలకపోతే పక్క మూడు వీధుల మురుగు కూడా పెద్ద కాలువకే మళ్ళించారు. నేతగాళ్ళ వీధికి చెత్త బండి రావడం ఆగిపోయింది, ఎందుకంటే ఆ చెత్త కాలువలో పడితే ఇంకో నాలుగు సెంటీమీటర్లు పెరుగుతుందని కన్సల్టెంటు లెక్క తేల్చాడు.

దోమలు లేచాయి. మలేరియా సిబ్బంది కాలువలో నూనె చల్లడానికి వస్తే, నూనె పొర వల్ల సెన్సారు కొలత మారుతుందని వెనక్కి పంపేశారు. సాయంత్రం పూట పొగ మాత్రం వదలనిచ్చారు, నీలం వెలుగులో పొగ బాగుంటుందని. కంపు సంగతి ఎవరో ఎత్తితే కమిషనరు గారు చిరాకుపడ్డారు. "మీరు ముక్కుతో ఆలోచిస్తున్నారు. కళని సంపూర్ణ ఇంద్రియానుభవంగా స్వీకరించాలి" అన్నారు. వారం తిరిగేసరికి వీధి మొగలో బోర్డు వెలిసింది: 'మీరు ఇంద్రియానుభవ మండలంలో ప్రవేశిస్తున్నారు.'

జూలైకల్లా మా పనసకాయ రోజుకి ఇరవైనాలుగు గంటలూ విచ్చుకునే ఉంది. పక్క జిల్లాల నుంచి కమిషనర్లు చూసి నేర్చుకుందామని వచ్చారు. వాళ్ళలో ఒకాయన దిగులుగా, "మా ఊరు ఏటవాలు సార్. ఎంత చేసినా కాలువలు పారిపోతూనే ఉంటాయి" అన్నాడు. మా జగన్నివాస్ గారు ఆయన భుజం తట్టి, "నిరుత్సాహపడకండి. చిత్తశుద్ధితో కృషి చేస్తే ఎలాంటి కాలువైనా పూడుకుంటుంది" అన్నారు. ఆ వచ్చినాయన అది కూడా రాసుకున్నాడు.

ఒకరోజు శాంభవి వచ్చింది. ఎవరో వీడియో పంపితే చూసి, మొదటి బస్సెక్కి వచ్చేసిందట. పనసకాయ ముందు కాసేపు నిలబడి, నేరుగా కమిషనరు గారి గదిలోకి వెళ్ళింది. నేను కూడా అక్కడే ఉన్నాను.

"సార్, అది విచ్చుకుంటే కాలువ మునిగిపోతోందని అర్థం. ఎవరైనా పరిగెత్తుకొచ్చి తియ్యాలని చేశాను. రెండో పేజీలో అంతా రాశాను కదా?"

కమిషనరు గారు ఫైలు తెప్పించారు. మొదటి పేజీ తీసి, వేలు పెట్టి చదివారు. "అమ్మా, మీరే ఇక్కడ రాశారు. 'రచన పూర్తయ్యాక అది కళాకారుడిది కాదు, ప్రేక్షకుడిది' అని. మీ ప్రేక్షకుడు ఈ మున్సిపాలిటీ. మాకు అది విచ్చుకుంటేనే బాగుంది."

"అది అరుస్తోంది సార్!"

"చాలా శ్రావ్యంగా అరుస్తోందమ్మా" అన్నారాయన. ఆయనకి అందులో వెటకారం ఏమీ లేదు. నిజంగానే మెచ్చుకున్నారు.

శాంభవి బయటికొచ్చి నన్ను తెర దగ్గరికి లాక్కెళ్ళింది. ట్రయలు నడిచిన రెండు నెలల రికార్డు తీయించింది. "చూడండి, రోజూ పొద్దున అయిదింటికి రేకులు లేచాయి. ఏడున్నర కాకముందే ముడుచుకున్నాయి. ఒక్కరోజు కూడా తప్పలేదు. ఎవరో దీన్ని చూసి వచ్చారు నాయుడు గారూ. ఎవరు?"

నాకు తట్టింది. చెప్పాను. వెంటనే ఆయన్ని చూడాలంది.

"సస్పెన్షన్లో ఉన్నాడమ్మా."

"ఎందుకు?"

"చూసి వచ్చినందుకే" అన్నాను.

గుట్ట మీద సూరప్పడి ఇల్లు. గుమ్మంలో నిలబడితే కింద పనసకాయ కొస స్పష్టంగా కనబడుతుంది. మేం వెళ్ళేసరికి అతను అరుగు మీద కూర్చుని అటే చూస్తున్నాడు.

"కళా గిళా నాకేటి తెల్దమ్మా" అన్నాడు శాంభవితో. "అది లెగిసిందంటే కాలువకి ఊపిరాడ్డం నేదని. ఇక్కడి నుంచే కనబడేది. పార అట్టుకుని దిగిపోయేవోణ్ణి. ఇప్పుడు రెండు నెలల నుంచి లెగిసే ఉన్నాది. సూత్తా కూకున్నాను, సేతులు కట్టేసినట్టుగ."

శాంభవి కళ్ళు తుడుచుకుంది. "ఊళ్ళో ఒక్కరికి అర్థమైంది, చాలు" అంది. నాకు మాత్రం చాలలేదు. ఆ ఒక్కరికీ మెమో రాసింది నేనే కదా.

ఆగస్టులో వాయుగుండం పట్టింది. మూడు రోజులు వదలని వాన. సరిగ్గా ఆ మూడో రోజే ఢిల్లీ నుంచి అవార్డు జ్యూరీ దిగింది. దేశం మొత్తం మీద సాంకేతిక కళల పోటీలో మా పనసకాయ తుది జాబితాలోకి వెళ్ళింది మరి. వీధి మొగలో ఎత్తుగా వేదిక కట్టి, పైన రేకుల షెడ్డు వేసి, జ్యూరీని కూర్చోబెట్టారు. కాలువలో నీళ్ళు మీటరున్నర. నూట ఎనిమిది రేకులూ విచ్చుకుని, దీపం నీలంగా మండిపోతోంది. రొద శంఖం స్థాయి దాటి చెవులు గళ్ళు పడేలా ఉంది. జ్యూరీలోని పెద్దావిడ చెయ్యి గుండె మీద పెట్టుకుని వింటోంది.

కాలువ పొంగి వెనక వీధిలోకి తన్నింది. నేతగాళ్ళవి గుంట మగ్గాలు. నేసేవాళ్ళు కాళ్ళు దించుకుని కూర్చోవడానికి నేలలోనే గుంట తీసి ఉంటుంది. నీళ్ళు గడప దాటితే మొదట నిండేది ఆ గుంటే. గౌరమ్మ అనే నేతగత్తె తడిసిన నూలు చేతుల్లో ఎత్తుకుని నా దగ్గరికొచ్చింది.

"బాబూ, గుంట నిండిపోనాది. పడుగంతా తడిసిపోనాది. ఆ అడ్డం తియ్యించండి బాబూ, మీకు దండం ఎడతాను."

వేదిక మీదున్న కమిషనరు గారికి ఫోను చేశాను. "నాలుగింటికి జ్యూరీ వెళ్ళిపోతుంది. అప్పటివరకు ఒక్క సెంటీమీటరు తగ్గకూడదు. ఇది రాష్ట్ర ప్రతిష్ఠకు సంబంధించిన మట్టం" అని పెట్టేశారు. అప్పటికి టైము రెండున్నర.

వెనక్కి తిరిగేసరికి సూరప్పడు. తల మీద వానకి తాటాకుల గిడుగు, చేతిలో పార, ముంజేతికి తాడు. గుట్ట దిగి వచ్చేశాడు.

"దిగమంటారా బాబూ?"

"నువ్వు సస్పెన్షన్లో ఉన్నావయ్యా."

"ఆ సంగతి నీళ్ళకి తెల్దు గదా బాబూ. మీరు ఊఁ అనండి, సాలు. మీ పేరు ఎక్కడా ఎత్తను."

ఆ ఆఖరి మాట వింటే నాకు ఒళ్ళు మండింది. అతని మీద కాదు, నా మీద. గౌరమ్మ వాకిట్లోకి వెళ్ళి, సంచీలోంచి కాగితం తీసి, తలుపు మీద ఆనించి రాశాను. 'సూరప్పడికి ఆదేశం. పెద్ద కాలువకు అడ్డుగా పెట్టిన ఇసుక బస్తాలు వెంటనే తీసివేయవలెను. గత మే నెలలో ఇదే కాలువను అడుగు వరకు తీయమని ఇతనికి నోటిమాటగా చెప్పినది కూడా నేనే.' సంతకం పెట్టాను, తేదీ వేశాను, రబ్బరు స్టాంపు కొట్టాను. వానకి సిరా కాస్త కారింది గానీ పేరు చదవడానికి వీలుగానే ఉంది.

సూరప్పడికి చదివి వినిపించాను. "ఎందుకు బాబూ ఇదంతాను" అని గొణిగి, కాగితాన్ని మడిచి పాలిథిన్ సంచీలో చుట్టి, గిడుగులో దోపుకుని కాలువలోకి దిగాడు. నేను గట్టు మీద తాడు పట్టుకున్నాను. గౌరమ్మ, ఇంకో నలుగురు నేతగాళ్ళు నా వెనక పట్టుకున్నారు. మొదటి బస్తా లేవలేదు. రెండోసారి పార కింద పెట్టి ఎత్తితే లేచింది. ఆ తర్వాత నీళ్ళే మిగతా బస్తాల్ని తోసుకుపోయాయి.

వీధిలో నీళ్ళు వెనక్కి తగ్గుతున్నాయి. ఒక్కో గడపా తేలుతోంది. పనసకాయ రేకులు ఒక్కొక్కటే వాలడం మొదలుపెట్టాయి. రొద సన్నబడి ఆగిపోయింది. దీపం ఆరిపోయింది. వాన చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. జనం వాకిళ్ళలోకి వచ్చి నిలబడ్డారు.

కమిషనరు గారు నా వైపు కేకలేస్తూ వేదిక దిగుతున్నారు. వెనక నుంచి జ్యూరీ పెద్దావిడ వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మనిషీ, నీరూ, యంత్రమూ ఇంతగా కలిసిపోయిన రచన తను ఎన్నడూ చూడలేదనీ, ఆ ముడుచుకోవడమే అసలు కళ అనీ, ఆ కాలువలో దిగిన నటుడు అద్భుతమనీ అంది.

మా కమిషనరు గారు సామాన్యుడు కాదు. రెండే రెండు క్షణాలు తీసుకున్నారు. "మూడు నెలలుగా రిహార్సల్సు చేశామండీ" అన్నారు.

అవార్డు వచ్చింది. శాలువా కమిషనరు గారికి కప్పారు. మర్నాటికి రెండు ఆర్డర్లు తయారయ్యాయి. మొదటిది సూరప్పడిది: 'మే నెలలో కాలువ తీయుటకు ఆదేశము ఉన్నట్లు సదరు కాగితము ద్వారా తేలినందున, ఆదేశము లేకుండా తీసినాడన్న అభియోగము నిలువదు. విధుల్లోకి తీసుకోవడమైనది.' రెండోది నాది: 'మే నెలలో లిఖితపూర్వకంగా కాక నోటిమాటగా ఆదేశమిచ్చినందుకున్ను, ఆగస్టులో నోటిమాటగా కాక లిఖితపూర్వకంగా ఆదేశమిచ్చినందుకున్ను సస్పెండు చేయడమైనది.' చాలాకాలం తర్వాత నాకు మనసు తేలికపడింది. మా ఆవిడకి మాత్రం ఆ తేలిక ఏమిటో ఇప్పటికీ అర్థం కాలేదు.

సెప్టెంబరు ఆఖర్న సూరప్పడు మా ఇంటికొచ్చాడు. కొత్త కాగితం చేతిలో పెట్టి, "సదివి సెప్పండి బాబూ" అన్నాడు.

అతన్ని 'కళా సహాయకుడు'గా నియమించారు. అక్టోబరు రెండో వారంలో రాష్ట్ర ప్రముఖుల ముందు అవార్డు ప్రదర్శన మళ్ళీ జరుగుతుందట. అందుకని మూడు రోజులు ముందుగానే పెద్ద కాలువను నింపి, నేతగాళ్ళ వీధిలో మోకాలి లోతుకి తక్కువ కాకుండా నీరు నిలిపి, ప్రముఖులు ఆసీనులైన పిమ్మట అతను కాలువలో దిగి తీయవలెను. ప్రజలు వాకిళ్ళలోకి వచ్చి సంతోషించవలెను. తప్పినచో కఠిన చర్యలు తీసుకోబడును.

సూరప్పడు అంతా విన్నాడు. "ముందు నింపమంటన్నారా బాబూ?"

"అవును."

"గౌరమ్మ గుంటలోకీ?"

"మోకాలి లోతు అన్నారు కదా. అంటే అక్కడికి కూడా."

కాగితం నా చేతిలోంచి తీసుకుని మడిచి, "జవాబు రాయండి బాబూ" అన్నాడు.

"ఏమని?"

"కాలువ తియ్యడం నాకొచ్చు. నింపడం రాదు. ఇరవయ్యారేళ్ళలో ఎవులూ నేర్పనేదు. అంతే రాయండి."

"రాస్తాను గానీ, మళ్ళీ మెమో ఇస్తారు సూరప్పడూ. ఇంకా నెలరోజులే. మచ్చ లేకుండా వెళ్ళిపోవాలన్నావు కదా."

"ఆ పిల్ల మగ్గంలో నీళ్ళు పోసి, రిటైరయిన రోజున నాను దండ ఏయించుకుని ఎల్తానేటి బాబూ? మెమో ఇత్తే అట్టుకుంటాను. రాయండి."

మూడు వాక్యాలు రాశాను. ఆఫీసు భాషలోకి మార్చలేదు. అతను బొటనవేలికి సిరా రాసుకుని ముద్ర వేశాడు. వేలిముద్ర కాగితానికి సాక్షి సంతకం ఉండాలి. ఎవరు పెడతారని అతను అడగలేదు, నేనూ అడగలేదు. పెన్ను నా చేతిలోనే ఉంది, పెట్టేశాను. దాని కింద 'శానిటరీ ఇన్‌స్పెక్టర్, ప్రస్తుతం సస్పెన్షన్లో' అని కూడా రాశాను. హోదా లేకపోతే మా ఆఫీసులో కాగితం తీసుకోరు.